పోసవ్వ పథ్యం

బాన్సువాడ బస్టాండు వెనక చిన్న దవాఖాన. 1999, ఫిబ్రవరి. డాక్టరు హరనాథబాబు ముందు ముగ్గురు ఆడవాళ్లు: ముసలి పోసవ్వ, ఆమె కోడలు శ్రీలత, కోటగిరి నుంచి పొద్దున్నే దిగిన కూతురు రోజారాణి.

"చీర జర పైకి అను అవ్వ, సారు చూడాలె. గిక్కడ చూడుండ్రి సారు, పిక్క మీద. ఎట్ల నల్లగ కమిలిందో. తొడ మీద ఇంకోటి. మోచెయ్యి కాడ ఇంకోటి. కట్టెతోని కొడితెనే గిట్లయితది."

"నేను కొట్టలే వదిన."

"నిన్ను అడిగిన్నా శ్రీలత? సారును అడుగుతున్న."

"మీరిద్దరూ కాసేపు ఆగండమ్మా. పోసవ్వగారూ, ఎక్కడైనా పడ్డారా?"

"పడలే సారు."

"ఎవరైనా కొట్టారా? భయపడకుండా చెప్పండి."

"నన్నెవలు కొడతరు? గట్లనే అయినయ్."

"కోడలు పక్కన నిలవడ్డంక ఏం చెప్తది సారు! మా తమ్ముడు పండరి పొద్దంత చెరుకు తోటలనే ఉంటడు. ఇంట్ల ఉండేది గీ ఇద్దరే. అవ్వ నోట్లకెల్లి రక్తం గూడ వస్తుంది. చెంపల మీద కొట్టకపోతె ఎట్లొస్తది? ఇయ్యాల పొద్దుమూకంగ పంచాయితికి రమ్మని కులపోళ్లకు చెప్పిన. ఇగ గీమెను పుట్టింటికి తోలుడే."

"వదినా, పిల్లలున్నరు..."

"పిల్లలను మేం చూసుకుంటం."

"కులపోళ్ల సంగతి తర్వాత. పోసవ్వగారూ, నోరు తెరవండి. ఇంకా పెద్దగా. అబ్బ, చిగుళ్లు వంకాయ రంగుకొచ్చి ఎలా ఉబ్బాయో. పళ్లు కదులుతున్నాయా?"

"రెండు ఊడినయ్ సారు. రొట్టె నములుతుంటె."

"ఊడినయా? నాకెందుకు చెప్పలే అవ్వ?"

"నువ్వొస్తె గద బిడ్డ చెప్పేది."

"కాళ్ల మీద ఈ ఎర్ర చుక్కలు ఎప్పటి నుంచి? వెంట్రుక మొదట్లో ఒక్కో చుక్క ఉంది."

"దీపావళి పోయినంక సారు. అత్తమ్మకు తానం పోయంగ నేనే చూసిన. దోమలు కుట్టినయనుకున్న."

"మీ అత్తగారు రోజూ ఏం తింటారమ్మా శ్రీలతా?"

"పొద్దుగాల చాయ, జొన్నరొట్టె. పగలు అన్నం, పెసరపప్పు. రాత్రికి మళ్ల రొట్టె, పాలు."

"కూరగాయలు?"

"తినది."

"ఆకుకూర, టమాటా, చింతపండు చారు?"

"తినది సారు."

"పళ్లు? జామకాయ, కమలాపండు? పోనీ నిమ్మకాయ నీళ్లు?"

"ఏదీ ముట్టది."

"ముట్టదా, నువ్వు పెట్టవా? ఇన్నరా సారు! చారు గూడ పొయ్యదట. బస్టాండ్ల సంత్రలు గుట్టలు పోసి అమ్ముతుంటె ముసలామెకు ఒక్కటంటె ఒక్కటి తెచ్చిపెట్టలే!"

"తెచ్చిన వదిన. తేకపోవుడేంది?"

"తెస్తె ఏమైంది? నువ్వే తిన్నవా?"

"అత్తమ్మనే అడుగు."

"అవ్వనెందుకడుగుత? నిన్నే అడుగుతున్న, చెప్పు!"

"అరవకండి రోజారాణిగారూ. కూర్చోండి. మీ అమ్మను ఎవరూ కొట్టలేదు."

"గంత నమ్మకంగ ఎట్ల చెప్తరు?"

"దెబ్బ తగిలితే తగిలిన చోటే రక్తం వస్తుంది. చిగుళ్లన్నీ ఇలా ఉబ్బిపోవు. దీన్ని స్కర్వీ అంటారు. పళ్లలో, కూరల్లో సీ విటమిన్ అని ఒకటుంటుంది. రక్తనాళాల గోడలు గట్టిగా ఉండాలంటే అది కావాలి. మన ఒళ్లు దాన్ని తయారు చేసుకోలేదు, తిండితోనే రావాలి. నెలల తరబడి రాకపోతే మంచం కోడు తగిలినా కమిలిపోతుంది. చిగుళ్లు నెత్తురు కారుతాయి. ఇలాగే వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది."

"సారు... బతుకుతది గద మా అవ్వ?"

"బతుకుతుంది. మాత్రలు రాస్తాను. రోజుకు రెండు కమలాలు తినిపించండి. నమలలేకపోతే రసం తీసి వెంటనే తాగించండి, వేడి చెయ్యొద్దు, వేడికి ఆ విటమిన్ పోతుంది. కమలాలు దొరకని రోజు జామకాయ, ఉసిరికాయ, ఏదైనా సరే. వారం పది రోజుల్లో ఆ రక్తం ఆగిపోతుంది చూడండి."

"ఇన్నవా శ్రీలత? ఇంత అగ్గువకు దొరికే పండు! కొట్టలే, సరే. తిండి పెట్టకుంట ఎండబెట్టినవు. గది గూడ కొట్టుడే!"

"ఇగ చాలు వదిన. చానా ఇన్న. ఇగో, నా సంచిల సంత్రలున్నయ్. రోజు తెస్త, రోజు పిల్లలు తింటరు. ఒకటి ఒలిచిన. నువ్వే పెట్టు అత్తమ్మకు. నీ చేతితోనే పెట్టు."

"పెడత! ఎందుకు పెట్ట? అవ్వ, నోరు తెరువు."

"వద్దు బిడ్డ."

"ఒక్క తొన."

"వద్దంటి గద."

"గీమెకు భయపడుతున్నవా? నేనున్న, తిను."

"శ్రీలతకెందుకు భయపడత? దసరకు పప్పుల ఇంత నిమ్మకాయ పిండిందని రెండు దినాలు అన్నం ముట్టకుంట పండుకున్న. పాపం, కాళ్లు పట్టుకొని ఏడ్సింది పిల్ల. తిననియ్యంది నువ్వే. నీ మీద ఒట్టున్నది."

"నా మీదనా? గీ ఒట్టు ఎవలు పెట్టిండ్రు?"

"నువ్వే బిడ్డ. పోయిన ఎండకాలం రోహిణి కార్తెల మోకాళ్ల నొప్పులకని నన్ను పసరు మందిచ్చేటాయన కాడికి తీస్కపోయి తాపిస్తివి. పులుపు, పచ్చిది, పండు ఏదీ ముట్టద్దంటివి. నా చెయ్యి తీసి నీ నెత్తి మీద పెట్టుకుంటివి. 'నేనొచ్చి చెప్పేదాక ముట్టినవంటె నేను సచ్చినంత ఒట్టు' అంటివి."

"గది... గది మందు పనిజెయ్యాలని అన్న అవ్వ. ఎన్నటి సంగతి గది!"

"మళ్ల నువ్వు రాకపోతివి."

"దసరకు నన్ను పిలువనీకె ఎవలన్న వచ్చిండ్రా? పిలువకుంట ఎట్లొస్తరు?"

"రెండు సార్లు ఫోన్ జేసిన వదిన, మీ ఇంటి పక్క దుకాణానికి. నా గొంతు ఇనంగనె పెట్టేస్తివి. ఒట్టు పెట్టింది నువ్వైతె నేను తీస్తె తీరుతదా?"

"ఒక్క నిమిషం. రోజారాణిగారూ, ఆ మందిచ్చినాయన పథ్యం ఎన్నాళ్లుండమన్నాడు?"

"గుర్తు లేదు సారు."

"గుర్తు తెచ్చుకోండి."

"గంతమందిల ఏదో చెప్పిండు..."

"ఎవలకు చెప్పిండు వదిన? అత్తమ్మకా, నీకా?"

"నాకే."

"ఎన్ని రోజులు?"

"నలభై."

"నలభై రోజులా? ఎనిమిది నెలలు దాటిందమ్మా!"

"ఎరుకే సారు. వచ్చి చెప్దమనుకున్న. గంతల్నె నాట్లు పడ్డయ్. గా ఎన్క దసరకు పిలువలేదని తమ్ముని మీద అలిగిన. మర్చిపోయిన సారు... శ్రీలత, నేను మర్చిపోయిన."

"వదినా, గట్ల నెత్తి కొట్టుకోకు. చెయ్యి ఇటియ్యి."

"ఇడువు నన్ను. కులపోళ్ల ముంగట నేనే నిలవడత. అందరు ఇనంగ చెప్త, మా అవ్వను గిట్ల జేసింది కోడలు గాదు, నేనే అని."

"గవన్ని పొద్దుమూకంగ చూద్దాం గని, ఏడువకు బిడ్డ. ముందుగాల గిది చెప్పు. ఇప్పుడు తిననా?"