సదన్న చెప్పిన బాద్షా ముచ్చట

“తెచ్చుకో తమ్మీ, ఏం ఫికర్ వెట్టుకోకు. పెద్ద కుక్క ఇంట్ల ఉన్నదంటె గేటుకు తాళం గూడ అక్కెరలేదు,” అన్నడు సదన్న, చాయ్ గ్లాసు బల్ల మీద వెట్టుకుంట.

ఆదివారం పొద్దుగాల. నయీంనగర్‌ల కళక్క చాయ్ బండి కాడ ముగ్గురం కూసున్నం. సదన్నకు చౌరస్త దిక్కు బట్టల దుకాణం. ఆయన భార్య సుకన్యక్క దవాఖానల నర్సు. మూడో మనిషి వీరభద్రం బాపు, డోర్నకల్‌ల రైల్వే నౌకరి చేసి రిటైరైనాయన. చాయ్ పోసే కళక్క ఇల్లు సరిగ్గ సదన్న ఇంటికి ఎదురుంగనే.

కుక్క ముచ్చట తీసింది నేనే. నాది కాజీపేటల కొలువు, శ్రీలతది జనగామల టీచర్ కొలువు. పొద్దున తాళమేసి పోతె మాపటికి గాని ఇంటికి రాము. మేముండే కాలనీకి మేము కొత్త. పోయిన నెల పక్కింట్ల దొంగలు వడ్డప్పటిసంది శ్రీలతకు బుగులు వట్టుకున్నది. అదే టైముల మా ఆఫీసుల ఓంప్రకాశ్ సారుకు పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. ఆయన దగ్గర రూబీ అని ఒక రాట్‌వీలర్ ఉన్నది. అక్కడి ఫ్లాట్ల పెద్ద కుక్కను ఉంచనియ్యరట. “మీరు తీస్కపోతరా రాకేష్? పొద్దూకేవరకు జర చెప్పు,” అన్నడు.

“పగలంత మేముండం గదన్నా. అంత పెద్ద కుక్క ఒక్కతే ఎట్లుంటది?” అని అడిగిన.

“మేముంటిమా? నేను దుకాణంల, మీ వదిన డ్యూటీల. మా బాద్షా ఇల్లు ఏలలేదా? వాడు గూడ రాట్‌వీలర్ జాతే. ఒకరోజు ఏమైందో చెప్త ఇను. మాపటీలి దుకాణం నుంచి వచ్చి చూస్తె గోడ పక్కపొంటి ఒకడు కూసున్నడు. వాని ప్యాంటు అంచు బాద్షా నోట్ల ఉన్నది. పొద్దుగాల గోడ దుంకిండట. నేనొచ్చేదాక కదలనియ్యలే. ఒంటి మీద ఒక్క పన్ను గాటు సుత లేదు.”

“పొద్దంత కూసోవెడితె వానికి దూపగాలేదా?” అన్నడు వీరభద్రం బాపు.

“అడుగుతవని తెలుసు బాపు. దూపైంది. బాద్షా ఏం జేసిండు? పట్టిన ప్యాంటు ఇడువకుంట, కాలుతోని తన నీళ్ల తట్ట వాని దిక్కు జరిపిండు. పగటీలి తన అన్నంల సగం వెట్టిండు. నేను పోంగనే ఆ దొంగ నా కాళ్ల మీద వడి ‘అన్నా, మా నాయిన గూడ నన్ను ఇంత మంచిగ చూస్కోలే’ అని ఒకటే ఏడుపు. ఇప్పుడు దొంగతనం ఇడిసిపెట్టి గేట్లు వెల్డింగ్ జేత్తాండు. మా గేటు వాడు జేసిందే.”

బాపు నవ్విండు. నేనూ నవ్విన. కళక్క నవ్వలే, పాలు కలుపుకుంట నిలవడ్డది.

“గిదేంది, అసలు ముచ్చట ముందున్నది. ఆదివారం వస్తె వాన్ని ఇంట్ల ఉంచేటోన్ని గాదు. బండి ఎనుక కూసోవెట్టుకొని ధర్మసాగర్ కట్ట మీదికి తోల్కపోయేది. ఒకసారి పోయేవరకు నీళ్లల్ల బర్రె కొట్టుకపోతాంది, ఒడ్డు మీద జనమంత మొత్తుకుంటాన్రు. నేను బండి స్టాండ్ ఎయ్యకముందే బాద్షా దుంకిండు. బర్రె తోక నోట్ల వట్టి గుంజిండు, బయటవడ్డది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? బర్రెను గుంజుదామని తెచ్చిన ట్రాక్టర్ బురదల దిగవడ్డది. మళ్ల దుంకిండు. గొలుసు పండ్లతోని కరిసి గుంజితె ట్రాక్టర్, దాని ఎంబడి ట్రాలీ, ట్రాలీల వడ్ల బస్తాలు, అన్ని ఒడ్డుకొచ్చినయి. ఒక్క బస్తా తడువలే!”

“బురదల మునిగినయి తడువకుంట ఎట్లుంటయే?”

“గంత స్పీడుల గుంజిండు బాపు, నీళ్లకు తడిపే టైమెక్కడిది? ఒడ్డుకొచ్చి ఒళ్లు ఇదిలిచ్చిండు సూడు, చెరువుల నీళ్లు జానెడు తగ్గినయి. తెల్లారి హన్మకొండల నల్లాలు రాలే. పైపు పగిలిందని అనుకున్నరు జనం. పైపు గాదు తమ్మీ, బాద్షా!”

పక్క బల్ల మీదోళ్లు గూడ మా దిక్కు తిరిగిన్రు. సదన్న గ్లాసు చేతులకు తీస్కున్నడు. మళ్ల మాట్లాడేటప్పుడు గొంతు జర తగ్గింది.

“వాపస్ వచ్చేటప్పుడు అలిసి, నా ఈపుకు తల ఆనిచ్చి పండుకునేది. అంగిల నుంచి వాని ఊపిరి ఎచ్చగ తగులుతాండేది. ఎక్కడ లేస్తడో అని నేను బండి మెల్లగ నడిపేది. ఎనుకకెల్లి హారన్లు కొట్టినా జరిగేటోన్ని గాదు.”

“గంత బరువు కుక్క ఎనుక సీటు మీద ఎట్ల కూసున్నదే?” అన్నడు బాపు.

“కూసున్నడు. మనిషి లెక్క కూసున్నడు. జర ఇననియ్యి! ఏటూరునాగారం అడివికి తోల్కపోయిన ముచ్చట చెప్పలే ఇంకా. మా బావమరిది అక్కడ ఉంటడు. బాద్షాను తీస్కొని అట్ల వాగు దిక్కు నడుస్తాంటె పులి ఎదురొచ్చింది. పిల్ల గాదు, ముసలిది గాదు, నిండు పులి. నా కాళ్లు అక్కడ్నే అతుక్కపోయినయి. బాద్షా నా ముంగటికి వచ్చి నిలవడి ఒక్కసారే మొరిగిండు. చెట్ల ఆకులు జలజల రాలినయి. పులి ఎనుకకు తిరిగి ఉరికింది ఉరికింది, గోదావరి ఈది అవతలి ఒడ్డుకు వోయి గాని ఆగలే. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పులుల లెక్క వెట్టే ఫారెస్టోళ్లు మా దుకాణంకు వచ్చి బతిమిలాడిన్రు. ‘సేటూ, మీ కుక్కను జర కొన్నొద్దులు గొలుసేసి కట్టేసుకో, మా పులి మాకు వాపస్ వస్తది’ అన్నరు. నేనేమన్ననో తెలుసా? కట్టెయ్యనన్న. వాని మెడకు ఒక్కనాడు గొలుసేసినోన్ని గాదు, మీ పులి కోసం ఏస్తనా అన్న!”

కళక్క చేతుల గరిటె ఆగింది. ఒకసారి సదన్న దిక్కు చూసింది, మళ్ల పొయ్యి దిక్కు తిరిగింది.

నాకు మాత్రం మస్తు హుషారుగ ఉన్నది. పులులు, ట్రాక్టర్లు నమ్మేటంత పిచ్చోన్ని గాదు. కాని అన్ని కోతలల్ల ఎక్కడో ఇంత నిజముంటది గద అనిపించింది. పొద్దంత తాళమేసిన ఇంట్ల ఒక పెద్ద కుక్క హాయిగ ఉంటదన్న ముచ్చట వరకైతె నమ్మిన. నమ్మాలని ఉన్నది గాబట్టి నమ్మిన.

“రైలు ముచ్చట ఇన్నవా నువ్వు?” సదన్న నా మోకాలు మీద చరిచిండు. “మీ వదిన ఖమ్మంల పెండ్లి ఉంటె రైలెక్కింది. టిఫిన్ డబ్బ ఇంట్ల మరిచింది. నేను దుకాణంల ఉన్న. బాద్షా డబ్బ నోట్ల వట్టుకొని పట్టాల ఎంబడి ఉరికిండు. కాజీపేట దాటిండు, వరంగల్ దాటిండు, మహబూబాబాద్ దాటిండు. మీ వదిన రైలు డోర్నకల్ జంక్షన్ వచ్చేవరకు వీడు ముందుగాలనే వోయి ప్లాట్‌ఫారం మీద కూసున్నడు.”

“నా నౌకరంత డోర్నకల్‌లనే అయింది. కుక్క రైలుతోని ఉరికిన ముచ్చట నేనెన్నడు ఇనలే,” అన్నడు బాపు.

“నువ్వు రిటైరైనంక బాపు. అక్కడేమైందో ఎరికేనా? సిగ్నల్ తప్పింది. మీ వదిన రైలుకు ఎదురుంగ గూడ్స్ బండి వత్తాంది. జనం కేకలు. బాద్షా డబ్బ కింద వెట్టిండు, పట్టాల నడిమిట్ల నిలవడ్డడు, ఒక చెయ్యి ఈ ఇంజన్‌కు, ఒక చెయ్యి ఆ ఇంజన్‌కు...”

“చెయ్యా?”

“ముందటి కాలు! మాట దొరికిచ్చుకోకు బాపు. రెండు ఇంజన్లు గొర్రెపిల్లల లెక్క ఆగినయి. డబ్బల పప్పుచారు ఒక్క చుక్క ఒలకలే.”

బాపుకు నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నేను గూడ నవ్వాపుకోలేక అడిగిన, “ఇంతకు ఇప్పుడేడున్నడన్నా మీ బాద్షా?”

సదన్న గ్లాసుల మిగిలిన చాయ్ దిక్కు చూసిండు.

“మిలిట్రోళ్లు తీస్కపోయిన్రు. వాని పేరు ఢిల్లీదాక వోయింది గద. హెలికాప్టర్ వచ్చి మా డాబా మీదనే దిగింది. ఇప్పుడు బార్డర్ల ఉన్నడు, మంచు కొండలల్ల. వానికి ఈ ఎండలు వడకపోయేది తమ్మీ. అక్కడ సల్లగుంటది. ఎంత దూరం ఉరికితె అంత దూరం జాగ. గోడ లేదు, గేటు లేదు. పొద్దుందాక ఎవలో ఒక జవాను పక్కపొంటి ఉంటడు. వాన్ని ఒంటరిగ ఇడువరు. పెద్దాఫీసర్ ర్యాంకు ఇచ్చిన్రు. జవాన్లు సెల్యూట్ గొడితె వాడు తోక ఊపి ఆర్డర్లు ఇస్తడు. అప్పుడప్పుడు వీడియో కాల్ జేత్తడు. నన్ను చూసి చెవులు నిక్కవొడుస్తడు.”

“సరే అన్నా, నువ్వింత చెప్పినంక ఇంకేంది,” అని నేను జేబుల నుంచి ఫోన్ తీసిన. “ఓంప్రకాశ్ సారుకు హా అని చెప్త. మాపటీలి పోయి రూబీని తెచ్చుకుంటం.”

కళక్క పొయ్యి బంద్ జేసింది.

“ఫోన్ జెయ్యకు రాకేషూ,” అన్నది.

అందరం అటు తిరిగినం. ఆమె కొంగుతోని చేతులు తుడుసుకుంట వచ్చి సదన్న ఎదురుంగ బల్ల మీద కూసున్నది. పొయ్యి ఆపి కూసున్నది నేను చూసుడు అదే మొదలు.

“నీ మనసు నొప్పియ్యాలని గాదు తమ్మీ,” అన్నది సదన్నతోని. “గిన్నొద్దులు నువ్వు చెప్పినవ్, నేను ఇన్న. కానీ ఇయ్యాల ఈ పిలగాడు నీ మాట వట్టుకొని ఒక జీవాన్ని ఇంటికి తెచ్చుకోవోతాండు. నీ బాద్షా ధర్మసాగర్ ఎన్నడు చూసిండు? అడివి ఎన్నడు చూసిండు? పానం ఉన్నన్నొద్దులు అది మీ గేటు దాటలే.”

సదన్న గ్లాసు కింద వెట్టిండు. బాపు మొఖంల నవ్వు వోయింది.

కళక్క నా దిక్కు తిరిగింది. “సుకన్య, ఈయన దాన్ని బిడ్డ లెక్క సాదిన్రు. తిండికి తక్కువ జెయ్యలే, సూదులు మందులు తప్పలే. వాళ్ల కాడ లేనిది టైమొక్కటే. పొద్దుగాల గొలుసేసి, గేటుకు తాళమేసి ఇద్దరు పోయేటోళ్లు. ఏం జేస్తరు, పోకపోతె ఎట్ల గడుస్తది? కొత్తల పొద్దంత ఏడ్సేది. కాలనీల అందరు తిట్టేటోళ్లు. కొన్నొద్దులకు ఏడుసుడు బంద్ జేసింది. అలవాటైంది అనుకున్నరు. అలవాటు గాలేదు, ఏడ్సినా ఎవ్వలు రారని తెలిసింది. గొలుసు ఎంత పొడుగుంటె అంత దూరం, అటు ఇటు, అటు ఇటు నడిసేది. పగటీలి నేను ఇంటికి వోయినప్పుడు గేటు సందుల నుంచి ఒక రొట్టె ఏసి రెండు మాటలు మాట్లాడేది. లోపలికి పోవాలంటె నాక్కూడ బుగులే.”

ఆమె బల్ల మీది ఖాళీ గ్లాసులు ఒకదాంట్ల ఒకటి వెట్టింది.

“పోయిన ఎండకాలం. ఎండ మస్తు గొడుతాంది. అన్నం తిన్నంక దాని కడుపు ఉబ్బుడు షురువైంది. కక్కాలని చూత్తాంది, ఏం రాదు. నిలవడుతది, కూసుంటది, మళ్ల నిలవడుతది. నేను ఈయనకు ఫోన్ జేసిన. పరకాలల పెండ్లోళ్ల ఇంటికి చీరెలు చూపెట్టవోయిండు. వస్తాన్నక్కా, వస్తాన్న అనుకుంటనే ఎల్లిండు. సుకన్య ఆపరేషన్ థియేటర్ల ఉన్నది, ఫోన్ బయట ఉన్నది. తాళంచెవులు వాళ్ల దగ్గర్నే. కాలనీలోళ్లందరు గేటు కాడ నిలవడ్డరు గాని దుంకెటోడు ఒక్కడు లేడు. అంత పెద్ద నోరు చూసి ఎవలు పోతరు? చివరికి నేనే స్టూలేసుకొని గోడెక్కిన. కరిస్తె కరిసిందని దగ్గరికి వోయి గొలుసు ఇప్పిన. అంత పెద్ద కుక్క, పసిపిల్ల లెక్క తల తెచ్చి నా ఒళ్లె వెట్టింది. అది మనిషిని ఏమనేది గాదు, మేమే ఉత్తగ భయపడ్డం.”

“డాక్టర్ రాలేదా?” అన్నడు బాపు మెల్లగ.

“తర్వాత చెప్పిండట డాక్టరు. పెద్ద కుక్కలకు కడుపు మెలివడి గట్లనే ఉబ్బుతదట. షురువు గాంగనే తెస్తె బతుకుతుండె అన్నడట. షురువైనప్పుడు చూసెటోళ్లు ఇంట్ల ఉండాలె గద బాపూ. ఈయన వచ్చేవరకు అయిపాయె. దుప్పట్ల చుట్టి నలుగురు వట్టి బయటికి తెచ్చిన్రు. అది గేటు దాటింది గప్పుడే.”

రోడ్డు మీద ఏదో బస్సు వోయింది. పక్క బల్లోళ్లు మెల్లగ లేసి వోయిన్రు. సదన్న చాయ్ మీద మీగడ కట్టింది.

నా చేతుల ఫోన్ అట్లనే ఉన్నది. లేసి జర పక్కకు వోయి ఓంప్రకాశ్ సారుకు కలిపిన.

“సార్, రూబీ మాకు వద్దు సార్. మా ఇంట్ల పగలు ఎవ్వలుండరు.”

“నిజమే రాకేష్,” అన్నడు. “మా అమ్మ పొద్దంత ఇంట్లనే ఉంటుండె, అందుకే నాకు ఆ ఆలోచనే రాలే. ఇంట్ల మనుషులుండేటోళ్లనే చూస్త. దొరికేదాక అమ్మను ఇక్కడ్నే ఉండుమంట.” ఎనుకకెల్లి కుక్క మొరుగుడు, ఒక ముసలామె దాన్ని ముద్దుగ కసురుకునుడు ఇనవడ్డది.

నేను తిరిగొచ్చేవరకు ముగ్గురు గట్లనే కూసున్నరు. కళక్క పొయ్యి ఎలిగియ్యలే. సదన్నకు కోపం వచ్చిందేమో, లేసిపోతడేమో అనుకున్న. ఆయన లేవలే. కొద్దిసేపటికి తలెత్తి కళక్కను అడిగిండు. ఇందాక పులిని ఉరికిచ్చిన గొంతు గాదది.

“కళక్కా, నీ ఒళ్లె పండుకున్నప్పుడు... అది గేటు దిక్కేమన్న చూసిందా?”

కళక్క ఆయన చెయ్యి వట్టుకున్నది.

“చూసింది తమ్మీ. రోడ్డు మీద ఏ బండి సప్పుడైనా నువ్వే అనుకొని తోక ఊపింది.”