తాడు పట్టినోడి వాటా

కాసులమ్మ అని ఉండేదంట, అలివి వలకి పెద్ద. అలివి వలంటే, పడవ మీద పోయి సముద్రంలో పరిచొస్తారు, రెండు కొసల తాళ్లూ పట్టుకుని ఊరంతా ఒడ్డు మీద వెనక్కి వెనక్కి నడుస్తా లాగుతారు. మరి నడవడానికి ఇసుక ఉండాలా వద్దా? అదిగో, ఆ ఇసుక మీదే ఒక సావుకారు హోటలు కట్టాడంట. మొగలి పొదలు కొట్టించి, గెస్టులు పడుకోడానికి బల్లలేసి, చుట్టూ కంచె వేయించాడు. ఇంకేముంది, వల సగం రాకముందే లాగేవాళ్ల వీపులు కంచెకి తగిలేవి. లాగుడు ఆగితే చేప ఊరుకుంటదా, జారిపోద్ది. ఊళ్లో పొయ్యిలు వెలగడం తగ్గిపోయింది. కాసులమ్మ వెళ్లి, బాబూ, కంచె కాస్త వెనక్కి జరుపు, మా తాతల నాటి చోటు అని అడిగితే, మీ చేపల వాసనకి నా గెస్టులు పారిపోతారు, ఇంకో చోటు చూసుకోండి అన్నాడంట. సముద్రాన్ని చంకన పెట్టుకుని పొమ్మన్నట్టు.

అప్పుడేమైందంటే, మర్నాడు పొద్దున్నే వల వేయించి, కాసులమ్మ కంచె పక్కన నిలబడి గెస్టుల్నే పిలిచిందంట. "రండి నాయనా, తాడు పట్టండి. మా ఒడ్డున తాడు పట్టినోడికి వాటా ఉంటాది, అయినోడా కానోడా అని చూడం." వాళ్లకది సరదా అనుకో. నల్లద్దాలోళ్లు, టోపీలోళ్లు అంతా వచ్చి పట్టారు. వెనక్కి, వెనక్కి, వెనక్కి. వీపులు కంచెకి ఆనాయి. ఆగితే మీ వాటా కూడా సముద్రంలోకే పోద్ది అంది కాసులమ్మ. ఇక చూడు, గెస్టులే సావుకారుని కేకేసి కంచె తియ్యమన్నారు. గది అద్దె కట్టినోళ్ల మాట కాదంటాడా? పనోళ్లని పెట్టి పీకించాడు. జనమంతా ఆ బల్లలు తోసుకుంటా వెనక్కి నడుస్తుంటే, అందరూ ఫోటోలు తీస్తున్నారని సావుకారు తనూ వచ్చి తాడు పట్టాడంట.

వల ఒడ్డెక్కింది. చేపలు గంతులే గంతులు. వాటి మధ్యలో హోటలు పేరున్న సీసాలు, సంచులు, గ్లాసులు. గెస్టులు మొహమొహాలు చూసుకున్నారు. కాసులమ్మ కుప్పలేసి అందరికీ చేపలు పంచింది. నాకేదమ్మా అన్నాడు సావుకారు. "నీ వాటా ఎక్కడికి పోద్ది బాబూ, నువ్వు చల్లిందే కదా" అని సీసాల కుప్ప చూపించిందంట. నవ్వలేక చచ్చారు జనం.

కంచె మళ్లీ లేవలేదు. తాడు లాగడానికే ఇప్పుడు గెస్టులు వస్తన్నారు మరి, వేస్తే వాళ్లే ఊరుకోరు. సావుకారూ వాళ్ల ముందు రోజూ తాడు పట్టాల్సిందే, అందుకని చెత్త సముద్రం దాకా పోనీకుండా ముందే ఏరిస్తన్నాడంట. ఈ మధ్య ఆయనకీ నాలుగు చేపలు ముడుతున్నాయంటలే. కూరకి చేప దొరికాక, మరి వాసన రావట్లేదేమో.