గొడుగుల బావ, నారింజ రంగు కోటు

ఆ పొద్దున టీ కొట్టు దగ్గర అందరి కళ్ళూ ఒక కోటు మీదే ఉన్నాయి. చేతుల్లేని కోటు, నారింజ రంగు, వీపు మీద మెరిసే పట్టీలు, జేబులోంచి తొంగి చూస్తున్న విజిల్. వరద ఆఫీసు మేడం దాన్ని మడత పెట్టి తన సంచీ పక్కన బల్ల మీద ఉంచింది. దిగువ వీధికి ఒక మనిషిని ఎంచి, ఆ మనిషికి కోటు తొడిగి వెళ్ళడానికి వచ్చింది.

“పైన వంతెన కింద మా పెట్టె ఒకటి వేలాడుతూ ఉంటుంది” అని చెప్పింది మేడం. “నది ఎంత ఎత్తుకొచ్చిందో అది ఆఫీసుకి చెప్తుంది. మేం మీ ఫోన్లకి మెసేజ్ పెడతాం, పంపుహౌస్ మీద సైరన్ మోగిస్తాం. ఒకటే పొడుగ్గా మోగితే మందులూ కాగితాలూ సర్దుకోవాలి. ఆగి ఆగి మోగితే ఇల్లు వదిలి పై వీధి బడికి వెళ్ళిపోవాలి. ఇంత చేసినా ఫోన్ ఆపేసి పడుకునేవాళ్ళుంటారు, చెవులు వినపడనివాళ్ళుంటారు. చూద్దాంలే అనేవాళ్ళయితే చెప్పక్కర్లేదు. వాళ్ళ తలుపు కొట్టడానికి మనిషే కావాలి.”

గొడుగుల బావ గ్లాసు కింద పెట్టాడు. గొడుగులు బాగుచేయడం అతని పని, బావ అనడం వీధికి అలవాటు. అతనికి ఆ కోటు కావాలి. ఎంత కావాలంటే, మేడం కోటు తెస్తోందని తెలిసి రాత్రంతా నిద్ర పట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక అతని మాట విని నవ్వినవాళ్ళే కానీ, నమ్మి లేచినవాళ్ళు లేరు. ఆ కోటు వేసుకుని తలుపు కొడితే లేస్తారని అతని ఆశ.

“నాదేం పెద్ద గొప్ప కాదండీ” అని మొదలుపెట్టాడు. “మొన్న ఎండాకాలం చివర్లో సైరన్ మోగింది. లేచాను, నాలుగు తలుపులు కొట్టాను. అంతే.”

అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది. ఎదురు బల్ల మీద కూర్చున్న బస్సు డ్రైవరు ఊరుకోలేదు.

“అంతేనా బావా?”

ఆ ఒక్క మాట చాలు. బావ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు.

“అంతే అంటే అంతేనేంటయ్యా, మేడం ముందు నా గురించి నేను చెప్పుకుంటే బాగుండదని ఆగాను. ఆ రోజు సైరన్ ఆగి ఆగి మోగుతోంది, అంటే వెళ్ళిపోమని కదా, మోగుతూ మోగుతూ గుటుక్కున ఆగిపోయింది, కరెంటు పోయింది. ఇప్పుడెలా? నేను పంపుహౌస్ గోడ పట్టుకుని చరచరా పైకెక్కాను, సైరన్ గొట్టంలో నోరు పెట్టాను, పెట్టి నేనే మోగాను. ఆగి ఆగి మోగాలి కదా, ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆగేవాణ్ణి, సరిగ్గా లెక్కకి సరిపోయింది. ఎంత దూరం వినపడిందో తెలుసా? పై వంతెన కింద మేడంగారి పెట్టె ఉందే, అది ఉలిక్కిపడి నీళ్ళ ఎత్తుకి బదులు నా గొంతు ఎత్తు రాసి పంపింది ఆఫీసుకి.”

“మా పెట్టె గొంతులు రాయదండీ” అంది మేడం.

“ఆ ఒక్కసారి రాసిందమ్మా. భయపడితే యంత్రమైనా ఏం చేస్తుంది పాపం.”

టీ కొట్టు అక్క మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావకి ఆ నవ్వు ప్రోత్సాహంలా వినిపించింది.

“సరే, దిగాను. వీధి చూస్తే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తలుపులే. ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోతే పనవుతుందా? నా గొడుగుల కట్ట తీశాను, కర్రలన్నీ ఒకదానికొకటి బిగించాను, వీధంత పొడుగు కర్ర తయారైంది. దాన్ని ఇలా అడ్డంగా పట్టుకుని ఒక్క ఊపు ఊపాను. అన్ని తలుపులూ ఒకేసారి టకటకలాడాయి. డ్రైవరుగారి ఇంటి తలుపయితే రెండుసార్లు.”

“మా ఇంటికి రెండుసార్లెందుకు?”

“నీ నిద్ర నాకు తెలీదా?”

ఈసారి మేడం కూడా నవ్వింది. అది చూసి బావ ఇక నేల మీద నిలవలేదు.

“జనాన్ని బడికి పంపేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక్కి తిరిగి చూస్తే నది వీధి మొదట్లో నిలబడి ఉంది. గోడలా. నేనొక్కణ్ణి ఈ పక్క, అదొక్కటీ ఆ పక్క. మా షాపులో పెద్ద నల్ల గొడుగు ఒకటుంది, ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాలేదు, దాన్ని తీసి నది ముఖం మీద టప్పున విప్పాను. నీళ్ళు ఆగాయి. ఒక చుక్క ఇటు పడితే ఒట్టు. గొడుగు అడ్డం పెట్టుకుని ఒక్కో అడుగూ నెట్టుకుంటూ పోయాను. టీ కొట్టు దాటించాను, పంపుహౌస్ దాటించాను, పై వంతెన దాకా తోసుకెళ్ళి వదిలాను. నది వెనక్కి పోతోందని పెట్టె చెప్తే, పెట్టె పాడైందనుకుని ఆఫీసువాళ్ళు మనిషిని పంపారట. చేపలు ఏమయ్యాయో తెలుసా? పాపం, ఇల్లు ఎటో తెలీక గొడుగు చుట్టూ తిరుగుతుంటే ఒక్కొక్కదానికీ దారి చూపించి...”

“సరేనండీ” అంది మేడం.

ఆమె నవ్వడం మానేసింది. కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“మీరు సరదా మనిషి. కానీ నేను చాలా వీధులు చూశాను. నది ఎదురుగా నిలబడాలని ఉన్న మనిషికి ఈ కోటు ఇవ్వను. సైరన్ మోగాక నీళ్ళ వైపు ఒక్క అడుగు కూడా వేయకూడదు. చూద్దాం, ఆపుదాం, నెడదాం అనుకునేవాళ్ళతోనే మాకు చావొచ్చిపడుతోంది. ఏమీ అనుకోకండి. ఇంకెవరైనా ఉన్నారా?”

బావ చేతిలో లేని గొడుగుని ఇంకా పట్టుకునే ఉన్నాడు, ఆ చెయ్యి మెల్లగా దించాడు. నోట్లో ఇంకా చేపల కథ సగం మిగిలి ఉంది, దాన్ని మింగేశాడు. డ్రైవరు కూడా తల దించుకున్నాడు, ఎగదోసింది తనే కదా.

బల్ల చివర బావ అత్తగారు రస్కు టీలో ముంచుకుని తింటోంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పి, చెవులు కూడా మందం. అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేయడం చూసి టీ కొట్టు అక్క చెయ్యి పట్టుకు లాగింది.

“ఏమంటున్నారు మా అల్లుడుగారు?”

“సైరన్ మోగిన రోజు నదికి ఎదురెళ్ళి వెనక్కి నెట్టారంట పిన్నీ” అని అక్క ఆవిడ చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

“ఏ నది?” అంది అత్తగారు. “ఆ రోజు నదిలో చీలమండ దాకా నీళ్ళు లేవు. అది ఉత్త సైరనమ్మా, నేర్చుకోవడానికని ఆఫీసువాళ్ళు మోగించింది. ముందురోజే ఫోన్‌కి చెప్పారు. వీధిలో అందరికీ చదివి వినిపించింది మా అల్లుడుగారే. తెల్లారేసరికి ఆయనే మర్చిపోయారు. సైరన్ వినపడగానే తెల్లకాగితంలా అయిపోయి, నన్ను వీపున వేసుకుని, దారిలో కనపడ్డ తలుపునల్లా కాలితో తన్నుకుంటూ బడికి పరిగెత్తారు. బాబూ, నీళ్ళు లేవు అని నేను అరుస్తూనే ఉన్నాను. వింటేనా?”

కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. ఆ రోజు కూడా ఇలాగే నవ్వారు, టీ గ్లాసులు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడే నిలబడి. ఎర్రటి ఎండలో అత్తగారిని మోసుకుంటూ, వచ్చేయండి వచ్చేయండి అని గొంతు చించుకుంటుంటే, ఒక్కరూ కదల్లేదు. అది తల్చుకుంటే బావకి ఇప్పటికీ భయమేస్తుంది. నవ్వినందుకు కాదు. అది నిజం వరదయి ఉంటే వాళ్ళంతా ఏమయ్యేవారని.

మేడం మాత్రం నవ్వలేదు.

“నిజమేనాండీ? మొదటిసారి మోగగానే పరిగెత్తారా?”

బావ తల ఊపాడు.

“చెవులు వినపడని మనిషిని ముందు ఎత్తుకున్నారు, తలుపులు తన్నారు, పై వీధికే వెళ్ళారు, నీళ్ళున్నాయో లేదో చూడ్డానికి కూడా ఆగలేదు” అంటూ లేచి నిలబడింది. “ఇన్నాళ్ళుగా ఈ మనిషి కోసమే తిరుగుతున్నానండీ నేను. అందరూ ధైర్యవంతులే దొరుకుతున్నారు. ఇదిగో, చేతులు పైకెత్తండి.”

“అదేంటి మేడం” అన్నాడు డ్రైవరు. “ఈయన చెప్తే ఎవరు కదుల్తారు? పొద్దున లేస్తే కోతలేగా.”

టీ కొట్టు అక్క గిన్నె దించి పొయ్యి ఆపింది. “ఆయన నోటిని ఎవరు నమ్మమన్నారు? ఆయన కాళ్ళని నమ్ముదాం. పిన్నిని వీపున వేసుకుని ఈయన పరిగెడుతూ కనపడితే, కొట్టు తెరిచి వదిలేసి నేను వెనకాల వచ్చేస్తా. ఆ రోజు రానందుకు తప్పు నాదే.”

డ్రైవరు కాసేపు మెడ గోక్కున్నాడు. తర్వాత నేనూ వస్తాలే అన్నాడు.

కోటు బావకి కొంచెం బిగుతయింది. పొట్ట లోపలికి పీల్చి పట్టీ పెట్టుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోవడానికి విజిల్ తీసి తుడిచాడు.

“ఇంతకీ నదిని వెనక్కి నెట్టిందెవరు బావా?” అన్నాడు డ్రైవరు.

“నాకేం తెలుసు? నేనక్కడ లేనుగా.” కోటు జేబులో చేతులు పెట్టుకున్నాక బావ గొంతు మళ్ళీ లేచింది. “అయినా పరుగంటే గుర్తొచ్చింది మేడం. ఆ రోజు నేను పరిగెత్తిన పరుగు మీరు చూడాల్సింది. వీధి దీపాల స్తంభాలు నా గాలికి వెనక్కి వంగిపోయాయి, ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి. నా నీడ మలుపు దగ్గరే ఆయాసపడి ఆగిపోయింది. నాకంటే ముందు ఆ బడికి చేరింది ఈ భూమ్మీద...”

“మేక” అంది అత్తగారు, రస్కు నములుతూ. ఈసారి అంతా వినపడినట్టుంది. “మలుపు దగ్గర మేక మనల్ని దాటిపోయింది బాబూ. మెల్లగా, ఆకులు తింటూ.”

బావ ఒక్క క్షణం ఆలోచించాడు.

“దాని వీపు మీద వాళ్ళ అత్తగారు లేరు కదండీ” అన్నాడు.