ఇస్త్రీ అక్క గుమ్మం దగ్గర ఆగేది

ఇదిగో అమ్మలూ, మేడమీద గుమాస్తాగారు గనక వస్తే తాత నిద్రపోతున్నాడని చెప్పు. ఆయన మోకాళ్ళ కథ మొదలెడితే సాయంత్రం దాకా తెమలదు. సరేగానీ, నీ చేతిలో ఏమిటది, చర్చిలో ఇచ్చారా? ఏదీ, కళ్ళజోడు తే... ఓరి దేవుడా, ఈ పిల్లే! ఈ బొమ్మని ఇరవై ఏళ్ళు చూశానే నేను, ఆసుపత్రిలో బట్టలుతికే గది గుమ్మం పక్కన. ఇస్త్రీ అక్క అంటించింది. ఈ పునీతురాలు ఏం చేసిందంటావా? నేనూ అదే అడిగాను. 'పెద్దగా ఏం లేదు తమ్ముడూ, మఠంలో ఉండి చిన్న చిన్న పనులే ప్రేమగా చేసింది, ఇరవైనాలుగేళ్ళకే పోయింది' అంది. 'అయితే మా ఆవిడా పునీతురాలే, రోజూ నన్ను భరిస్తోంది' అన్నాను. అక్క నవ్వింది. నేనేమన్నా నవ్వేది, అదే చెప్పొచ్చేది.

నాది వేడినీళ్ళ తొట్టి. దుప్పట్లు మరగబెట్టి, పిండి, ఆరేసి అక్క ఇస్త్రీ బల్లమీద పడెయ్యాలి. నా నోటికి మూత ఎప్పుడుంది గనక? పొద్దస్తమానం వాగుడే. వాగుడు ఆపితే పళ్ళసందున ఈల. 'ఏమ్మా భక్తురాలా, ఆ బొమ్మలో పిల్ల దిగొచ్చి నాలుగు దుప్పట్లు ఇస్త్రీ చెయ్యదా' అని ఎకసెక్కం ఒకటి. అక్క ఒక్కరోజు విసుక్కుంటే ఒట్టు! పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర ఆగేది, ఈ బొమ్మ మీద వేలు ఆనించేది, కాసేపు అలాగే నిలబడి అప్పుడు లోపలికొచ్చేది. 'బాగున్నావా తమ్ముడూ, మీ ఆవిడెలా ఉంది?' అని నవ్వుతూ. పనికి దణ్ణం పెట్టుకుంటోంది కాబోలు అనుకునేవాణ్ణి. నేనంటే ఎంత అభిమానమో అని మీసం కూడా మెలేసేవాణ్ణి.

మీ నాన్న కడుపులో ఉన్నాడప్పుడు. కబుర్లలో పడి పిల్లల వార్డు ఉన్ని దుప్పట్లు పధ్నాలుగూ మరిగే తొట్టిలో దింపేశాను. ఉన్నికి చన్నీళ్ళే అన్నది మా పనిలో ఓనమాలు! తీసి చూస్తే ఒక్కోటీ తువ్వాలంత, అట్టలా బిగుసుకుపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం ఊడితే నెలలు నిండిన మనిషికి ఏం పెట్టను? బాయిలర్ పొయ్యిలో వేసేస్తాను, అసలు దుప్పట్లే రాలేదని ఒక్క మాట చెప్పు అక్కా, నీ మాట నమ్ముతారు అని కాళ్ళావేళ్ళా పడ్డాను. 'ఆ మాట నా నోట రాదు తమ్ముడూ. పద, నేనూ వస్తాను' అంది. ఎంత కోపమొచ్చిందో! నీ భక్తి తగలెయ్య అన్నాను, మొహం మీదే. అయినా నా వెంట వచ్చింది. మేట్రన్ సంగతి తెలుసుగా, కాదు, నీకెలా తెలుస్తుంది, నర్సులందరి మీదా పెద్ద, ముక్కుతో మాట్లాడేది. 'రేపట్నుంచీ రానక్కర్లేదు!' అంది. అక్క నా పక్కకి జరిగి, 'అమ్మా, ఇవి మందమయ్యాయి, రెండేసి కలిపి కుడితే పసివాళ్ళ ఉయ్యాలల్లోకి వెచ్చగా ఉంటాయి. నాకు వారం రోజులివ్వండి. అంతవరకూ ఇతన్ని ఉంచండి' అంది. మధ్యాహ్నం అన్నం మానుకుని ఆ వేళలో కుట్టింది. ఆ అట్టలోకి సూది దిగదు, వేళ్ళు పుళ్ళయ్యాయి. ఆ పుళ్ళతోనే ఇస్త్రీ. నా ఉద్యోగం నిలబడింది.

అక్క పోయినప్పుడు సమాధి దగ్గర వాళ్ళ చెల్లెలు, కడుపులో ఏదీ దాగని మనిషి, 'ఆ ఈలల తమ్ముడు మీరేనా! మీ వాగుడికి మా అక్క ఇంటికొచ్చి ఏడ్చేదండీ. మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండేదట. గుమ్మం దగ్గర ఆగి, ఈ ఒక్కరోజుకీ ఆ మనిషిని ప్రేమించే శక్తి ఇమ్మని అడిగి లోపలికెళ్ళేదట' అంది. ఇరవై ఏళ్ళు అమ్మలూ! రోజూ! ఆ ఆగడం నాకోసమే. నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే చూడు, రోమాలెలా లేచాయో. కుట్టింది చూశాను, నవ్వింది చూశాను, గుమ్మం దగ్గర అడిగింది మాత్రం...

ఆఁ, ఎవరో మెట్లు దిగుతున్నారు. ఆ చేతికర్ర చప్పుడు గుమాస్తాగారిదే. వద్దు, నిద్రపోతున్నానని చెప్పకు. నువ్వు కుర్చీ వెయ్యి, తలుపు నేను తీస్తాను. ఆ బొమ్మ ఓసారి ఇలా ఇయ్యి... ఉండు, ఒక్క క్షణం ఆగనీ.