మేబెల్ చట్టం

పెన్ను ఇచ్చారు బాబాయ్ నాకు, పెన్ను! గవర్నరు సంతకం పెట్టిన పెన్నంట. ఏం చేసుకోను దాన్ని? మా మేబెల్‌కి ఫిట్స్ వచ్చినప్పుడు పళ్ల మధ్య పెట్టనా?

వినపడుతోందా? ఈ జైలు ఫోను ఒకటీ, గరగరమంటూ. కాస్త అద్దం దగ్గరికి జరుగు. అయ్యో, ఎంత చిక్కిపోయావ్ ఆర్విల్ బాబాయ్!

సరే, విను. గంజాయిని మందుగా వాడుకోవచ్చని చట్టం చేశారా, దానికి నా కూతురి పేరే పెట్టారు. ఫొటోకి ముందు వరసలో మమ్మల్నే నిలబెట్టారు. తీరా ఇంటికొచ్చి కాగితం చదివితే ఏముంది? క్యాన్సరు ఉంది, నరాల నొప్పి ఉంది. ఫిట్స్ లేదు! ఓటింగుకి ముందురోజు జాబితాలోంచి కొట్టేశారంట.

ఇదేంటయ్యా అని సెనేటర్ని నిలదీశాను. "అది వదులుకోకపోతే బిల్లు గట్టెక్కదమ్మా" అన్నాడు. ఏడేళ్ల పిల్ల! దాని పేరు కావాలిగానీ అది అక్కర్లేదా వీళ్లకి?

నవ్వకు. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇంకోటి చెప్పనా? పండించాలంటే లైసెన్సంట. కేసున్నవాళ్లకి ఇవ్వరంట. కొండ మీద అడిగిన ప్రతివాడికీ ఊరికే గంజాయి నూనె తీసిచ్చావు నువ్వు. రేపట్నుంచి కోటు తొడుక్కున్నవాడెవడో దర్జాగా అమ్ముకుంటాడు, నువ్వు బయటికొచ్చినా మొక్క ముట్టుకోకూడదు!

ఏంటి? మేబెలా? నిన్న మూడుసార్లు వచ్చాయి. నువ్వున్నప్పుడు నెలకోసారి కదా. నువ్విచ్చిన సీసా అడుగున ఇంకో చెంచాడు ఉందంతే, గీకి పెడుతున్నాను.

నన్ను ఓదార్చకు బాబాయ్. ఆ పక్కింటి డెల్మర్‌ గాడే నిన్ను పట్టించాడని తిట్టుకుంటున్నావంట. వాడు కాదు.

ఓటింగుకి ముందు, బిల్లు కమిటీ దగ్గర మాట్లాడమన్నారు కదా నన్ను. అందరూ ఏడుస్తున్నారు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు మేలు చేసినవాళ్లని తలుచుకోకుండా దిగుతామా? నోటికి అదే అలవాటు. "మా వాగు పక్కన తేనెటీగలు పెంచే పెద్దాయన ఆ నూనె తేనెలో కలిపి ఇస్తాడు, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి" అనేశాను. పేరు చెప్పలేదు, ఒట్టు! కానీ మన వాగు పక్కన తేనెటీగలు పెంచేది ఎంతమంది?

వెనక బెంచీలో మన పోలీసు పెద్ద, ఆ షెరీఫు కూర్చున్నాడు. నేను దిగాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు వాడు.

పెట్టెయ్యకు. ఆ ఫోను పెట్టెయ్యకు బాబాయ్. తిట్టు. ఏదో ఒకటి తిట్టు!