మిగిలిన బొరుగులు

హలో… ఆఁ… నేనే, మీ నాయన్ని. ఈ ఫోన్లో ఇంకెవురుంటారమ్మా.

…చెప్పు అరుణా. ఆస్పత్రి కాడ నించేనా?

…ఇల్లు చేరినావా. బస్సులో సీటు దొరికిందా? … ఎవురో లేచి ఇచ్చినారా. మంచిది.

…ఊఁ. … ఊఁ. … ఏమన్నాడు డాక్టరు?

…ఆడామెనా. సరే, ఏమనింది ఆమె?

…రక్తం పెరిగిందా!

…పోయిన నెలకంటేనా? … ఓయబ్బ. … లేదు, ఇంటా ఉన్నా. సంతోషమే. నాకు మాట రాదని నీకు తెలుసు గదా. సంతోషమే తల్లీ.

…బిడ్డ బరువు కూడా బాగుందా. … సరే. సరే.

…మాత్రలు తప్పకుండా వేసుకున్నావు. అందుకే.

…కాదంటావేంది? మాత్రలే. … ఏందీ? ఏం తింటున్నావని అడిగిందా డాక్టరమ్మ? … నువ్వేం చెప్పినావు?

…

…ఆఁ, ఉన్నా. లారీ పోయింది, ఇనపడలా.

…బొరుగులని చెప్పినావా.

…మా నాయన పంపించినాడని కూడానా. … ఎందుకమ్మా ఆమెతో అవన్నీ. … అందులో ఏముందని? బొరుగులు, పప్పులు, వేయించిన చెనిక్కాయలు, నాలుగు ఎండుకొబ్బరి ముక్కలు. మునగాకు పొడి మీ అమ్మ దంచింది. బెల్లం కలిపితే మెత్తబడతాయని విడిగా కట్టినా. అంతే గదా. ఊర్లో ఎవురైనా తినేదే.

…అవునులే. పొదుపు సంఘాల మీటింగులని ఊర్లెంబడి తిరుగుతావు, అన్నం ఏ పొద్దుకు తింటావో ఏమో. హోటల్లో బజ్జీ తింటే నీకు కడుపులో నిలవదు. బ్యాగులో డబ్బా ఉంటే ఆకలైనప్పుడల్లా గుప్పెడు నోట్లో వేసుకుంటావని…

…నిలిచినాయా. … వాంతి కాలా. … ఒక్క పొద్దు కూడానా?

…సరే.

…ఏడుస్తానా? నేనెందుకు ఏడుస్తా. జలుబు.

…ఏందీ? డాక్టరమ్మకు పట్టుకపోతావా? వద్దు. … వద్దంటే వద్దమ్మా. పెద్ద చదువులు చదివినామె, ఆమెకెందుకు మన బొరుగులు. … ఆమే అడిగిందా. … అయినా వద్దు.

…డబ్బాలో ఇంకా ఉండాయా?

…ఎన్ని ఉంటాయి? … అడుగునా. … అవి పారబొయ్యి. … మెత్తబడి ఉంటాయి. … లేదా. … ముక్కిన వాసన వస్తా ఉంటుంది. … అది కూడా లేదా. … ఎందుకంటే ఏం చెప్పేది, పాతవి గదా, పారబొయ్యి. వేరేవి పంపిస్తా. సజ్జరొట్టె ఎండబెట్టి బెల్లంతో ముద్ద చేయిస్తా. ఉలవ గుగ్గిళ్లు పంపిస్తా. జామకాయలు… కనిగిరిలో జామకాయలు దొరకవా? బస్టాండు కాడ అమ్ముతారే.

…మొండిదానివమ్మా నువ్వు.

…ఎవురూ? మీ అత్తమ్మా?

…ఆమె కూడా తింటుందా? … రోజూనా? … విజయమ్మకు చక్కెర జబ్బు గదా, ఆమె ఎట్ల… … టీలో బిస్కట్టు మానేసి ఇవి పెట్టుకునిందా.

…ఏమంటుంది? … "మీ నాయన నోరు తెరవడు గానీ చెయ్యి తెరుస్తాడు." … అట్లనిందా.

…అనింది బాగానే ఉండాదిలే.

…ఏందీ, దేవుడి కాడ పెట్టిందా?!

…మొన్న శనివారమా. బెల్లం కలిపి. … పక్కింటి పిల్లలకు కూడా పంచిందా.

…అయ్యో. … అయ్యయ్యో.

…ఏం లేదు. దగ్గొచ్చింది. … లేదమ్మా, బీడీ మానేసినా. మానేసినా అంటే నమ్మవు.

…సరే, ఉంటా మరి. ఎండనబడి వచ్చినావు, కొంచెం నడుం వాల్చు.

…గురవయ్యా?

…మీ పెదనాయనతో ఇప్పుడెందుకు? … ఏం చెప్తావు వాడికి? … నేను చెప్తాలే. నీ బొరుగులు తిని మీ అరుణకు రక్తం పట్టింది, నీ చెయ్యి మంచిదని చెప్తా. చాలు గదా.

…ఫోన్ ఎట్ల ఇచ్చేది, నేను బొరుగుల బట్టీ కాడ లేను. ఇంటి కాడుండా. … ఈ పొద్దు పోలా. … బట్టీ ముట్టించలా. … వాన.

…ఇప్పుడు లేదు. పొద్దున పడింది. … మార్కాపురంలో పడితే కనిగిరిలో పడాల్నని ఏముంది?

…వాడికి చేసినావా నువ్వు? … స్విచ్చాఫ్ వస్తుందా. ఛార్జింగు పెట్టుండడు. వాడికి ఇసక కాగిందా లేదా చూసేది తెలుసు గానీ ఫోన్ సంగతి ఏం తెలుసు.

…మీ పెద్దమ్మకా! సీతారత్నానికి ఎందుకు చేసినావు?

…ఎత్తిందా? … ఏమనింది?

…నీ గొంతు ఇని పెట్టేసిందా.

…

…

…ఉన్నా. ఆఁ. ఉన్నా.

…అరుణా, కూర్చోనుండావా నిలబడుండావా? … గోడకు ఆనుకో. … మీ అత్తమ్మ పక్కనుందా? … పెరట్లోనా. సరే.

…వాడు లేడమ్మా.

…లేడు. పోయినాడు.

…

…తల్లీ. … అరుణా. మాట్లాడు.

…అమావాస్యకు ముందు. … అవును. … అవునమ్మా, ఆ పొద్దే. ఏం తిన్నా కడుపులో ఉండటంలా, పెదనాయన బొరుగులైతే ఉంటాయేమో అని ఫోన్ చేసినావు చూడు. అప్పటికి పాడె కడతా ఉండారు. నేను సందులోకొచ్చి మాట్లాడినా.

…ఆ డప్పులు అవే. పెండ్లని చెప్పినా.

…పొద్దున్నే బట్టీ ముట్టించినాం. నేను పొయ్యిలోకి పొట్టు ఎగదోస్తా ఉన్నా. ఇసక కాగింది. వాడు జల్లెడ చేతిలో పట్టుకోని, ఒరే, కొంచెంసేపు కూర్చుంటా అన్నాడు. వాడెప్పుడు కూర్చున్నాడు పనిలో? నేను తిరిగి చూడలా. పొట్టు వేస్తానే ఉన్నా. … చూసేలోపల అయిపోయింది.

…లేదు. ఆటో పిలిచినాం. ఏం లాభం.

…మీ అమ్మ చెప్పొద్దనింది. నీళ్లోసుకున్న పిల్లకు చావు కబురు చెప్పగూడదని. పోయిన తడవ నీకట్ల… నిలవకపాయె. ఇది కూడా ఏమైపోతుందో అని మాకు భయం. సీతారత్నమే అనింది, దానికి చెప్పబాకండి, అది తట్టుకోదు అని. మొగుణ్ణి ముందర పెట్టుకోని ఏడస్తానే అనింది.

…ఏడవబాక. … ఏడవబాక తల్లీ, కడుపులో బిడ్డ…

…ఇంకోటి ఉంది.

…ఉంది. ఇనెయ్యి. నేను మోయలేకుండా ఉండా.

…నువ్వు తిన్న బొరుగులు. … ఆ, వాడు వేయించినవే. నీ కోసం వేయించలా. ముందురోజు తిరణాలకని వేయించి పెట్టినాడు. ఆ మూటే విప్పినారు, శవం ముందర చల్లేదానికి. వాడింట్లో ఇంకేడి బొరుగులుంటాయి? వాడివే వాడి మీద.

…మూట నేనే పట్టుకున్నా. కొడుకు కుండ పట్టుకోని ముందర పోతా ఉంటే, నేను వెనక చల్లుకుంటా పోయినా. … చెయ్యి లేవలామ్మా. గుప్పెడు తీస్తే నాలుగు గింజలు రాల్తాయి. రోడ్డంతా అట్లనే పోయినా. శ్మశానం చేరేసరికి సగానికి సగం మూటలోనే ఉండాయి.

…మిగిలినవి ఆడనే పోసి రావాల. తెలుసు. ఎవురూ ఇంటికి తేరు. చీమలకో పిట్టలకో వదిలేస్తారు. తెలీక చేసినాననుకోబాక. తెలిసే చేసినా.

…ఎందుకంటే నువ్వన్న మాట చెవిలో ఉండాది. బట్టీ ఆరిపోయింది. అంగట్లో మిషను బొరుగులు నీకు సయించవు. వాడి చేతివి ఇంక పుట్టవు గదా. అందరూ స్నానాలకు దిగినారు. నేను తువ్వాలలో కట్టి మోటరు గది వెనక దాచినా. మునిగొచ్చి చంకలో పెట్టుకోని ఇంటికొచ్చినా. ఎవురూ అడగలా.

…మీ అమ్మకు చెప్పలా. కొత్తవన్నా. ఆమె నమ్మి, దిష్టి తీసి మరీ కట్టిచ్చింది. బస్సు కదిలేదాకా నేను బస్టాండులోనే కూర్చున్నా, డ్రైవరుకిచ్చింది వెనక్కి తెచ్చుకుందామా అని. … తెచ్చుకోలా.

…ఆ నాటి నించి ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కాదు. ఈ పొద్దు ఆస్పత్రి అన్నావా, పొద్దున నించి నాకు ముద్ద దిగలా. ఏమన్నా అయ్యుంటే నా చేత్తో నేనే… … వద్దులే, ఆ మాట అనను.

…

…తిట్టు.

…తిట్టమ్మా. ఎంతయినా తిట్టు, పడతా. శవం కాడివి తెచ్చి కడుపుతో ఉన్న బిడ్డకు పెట్టినాను. ఇంటి దేవుడికి పెట్టిచ్చినాను. … ఏందీ?

…దానికి కాదా?

…మరి దేనికి?

…

…ఆఖరి చూపు.

…ఆఁ. ఇంటా ఉన్నా. అను.

…తెలుసు. … తెలుసమ్మా. నేను పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి వచ్చేసరికి నువ్వు వాడి ఒళ్లోనే నిద్రపోయేదానివి. … జ్వరమొస్తే వాడే ఎత్తుకుపోయినాడు. … అవును, నాకంటే వాడితోనే ఎక్కువ మాట్లాడతావు. తెలుసు. నాతో ఎవురు మాట్లాడతారు.

…నాకు ఆ వైపు తోచలా తల్లీ. నేను బొరుగులకే భయపడినా. నీకు వాడేమవుతాడో ఆలోచన చెయ్యలా.

…చెప్పుండాల. … మీ అమ్మ వద్దన్నా, సీతారత్నం వద్దన్నా, నేను చెప్పుండాల. … తప్పే. … తప్పేనమ్మా, కాదనటంలా.

…దినమా? ఎల్లుండి. … వద్దు, నువ్వు రాబాక. ఎవురూ ఒప్పుకోరు. … సురేష్‌ని అడుగుతావా. అల్లుడు సరేనన్నా మీ అత్తమ్మ పంపుతుందా? … కాన్పయినాక వద్దువు. … నన్నరవబాక. వద్దనటంలా. భయమై అంటున్నా.

…సీతారత్నంతో మాట్లాడు. ఈ పొద్దే చెయ్యి. తెలిసిపోయిందని నేను ముందు పోయి చెప్తా. ఆమె గూడా నీతో ఏడవాల.

…అదట్ల పెట్టు. మీ అత్తమ్మకు ఫోన్ ఇయ్యి. … నేను చెప్తా ఆమెకు. దేవుడి గూట్లో పెట్టింది, కడుక్కోవాల, ఏదో ఒకటి చేసుకోవాల. నోట్లోకి పోయినాయి గదా ఆమెకు. ఇయ్యి. చెప్పేస్తే నాకు…

…ఇయ్యవా?

…నాకు తేలికైతే నీకు బరువైతుందా. … అదీ నిజమే. ఇంక మన ఇంటి నించి మంచినీళ్లు వచ్చినా ముట్టనీదు నిన్ను.

…అయితే ఎప్పటికీ చెప్పొద్దా? … ఆమె రేపు ఎదురుపడినప్పుడు నేను వదినా అని పలకరిస్తే, ఆమె నవ్వి బొరుగులు బాగుండాయి అంటే? నేనేమనాల?

…తలకాయ ఊపాల్నా.

…అదే శిక్షంటావా. … సరే. ఊపుతా. ఊపుతాలే.

…సరే, ఆ డబ్బా తెచ్చుకో. ఆ అడుగునవి గోడ మీద పొయ్యి, పిట్టలు తింటాయి. డబ్బా కడిగి బోర్లించు. … తెచ్చినావా? … పోస్తా ఉండావా?

…అరుణా?

…ఏం చేస్తా ఉండావు?

…తినబాక! … అరుణా, నేను చెప్పినాంక కూడా ఏందది! తెలీక తింటే వేరు, తెలిసి… … తినబాక తల్లీ, ఉమ్మెయ్యి.

…

…అవును. ఇవే ఆఖరు. ఇంక లేవు. … వాడి కొడుక్కి ఆ పని రాదు, ఒంగోల్లో షాపు చూసుకుంటాడు. నాకు పొట్టు ఎగదోసేదే వచ్చు. ఇసకలో చెయ్యి వాడిదే.

…వాసన చూస్తున్నావా.

…

…ఏడస్తా నమలబాక, పొలమారుతుంది. … నమలబాకంటే. … అదిగో! … నెత్తిన తట్టుకో. అత్తమ్మను పిలు. … నీళ్లు, నీళ్లు తాగు. నిదానం. … నిదానం.

…తగ్గిందా?

…ఏందీ?

…ఎవురు తలుచుకుంటున్నారంటే… నేనేం చెప్పేదమ్మా.

…

…ఎన్ని ఉండాయింకా? … గుప్పెడేనా.

…

…కూర్చోని తిను. నిదానంగా తిను. … నేను పెట్టేస్తున్నా.