పక్క గొట్టం

చైనాలో చలి ఊరు హార్బిన్‌లో, ఇళ్లు వెచ్చబెట్టే వేడినీళ్లు గొట్టాల్లోకి వదలడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఐదో అంతస్తులో ఒకావిడ ఇంట్లో, గది వెచ్చబెట్టే పాత రేడియేటర్‌ని, తుప్పుపట్టిన గొట్టాన్ని మేస్త్రీ ఊడదీసేసరికి నేలలో కిందింటి దాకా గుప్పెడంత కన్నం మిగిలింది.

"అక్కా, ఈ కొత్త వాల్వ్ గది వెచ్చబడగానే దానంతటదే మూసుకుంటుంది. పక్కన ఇంకో గొట్టం వెయ్యాలి."

"అక్కర్లేదు."

"ఇది ఒంటి లైను. మీ రేడియేటర్‌లోంచే నీళ్లు కిందికి దిగాలి. పక్క గొట్టం లేకుండా వాల్వ్ మూసుకుంటే కిందింటికి చుక్క దిగదు."

"తెలుసు."

మేస్త్రీ స్పానర్ కింద పెట్టేశాడు.

"తెలిసే వద్దంటున్నారా? కింద ఎవరుంటారు?"

"నన్నొదిలేసిన మొగుడి తల్లి. నేనప్పుడు నెల తిరగని బాలింతని. నిద్రపోతుంటే నా తలదగ్గర కిటికీ తెరిచిపెట్టింది. నడి జనవరిలో! ఆ చలి ఇప్పటికీ నా కీళ్లలోంచి పోలేదు."

"ఆవిడే ఒప్పుకుందా?"

"తనే తెరిచానని నా మొహం మీదే చెప్పింది. ఈసారి ఆవిడ వణకనీ."

"ఈ పని నావల్ల కాదక్కా. ఇంకో మేస్త్రీని చూసుకోండి."

అతను సంచీ సర్దుకుంటుంటే నేలలోని కన్నంలోంచి ముసలి గొంతు పైకొచ్చింది.

"ఆ కిటికీ తెరిచింది మావాడే. సిగరెట్టు పొగ పోవాలని."

పైనున్న ఆమె కన్నం మీదికి వంగింది.

"మరి ఆ నింద నువ్వెందుకు నెత్తినేసుకున్నావ్?"

"నువ్వు వాణ్ణి వదిలేసి పోతావని భయపడ్డానే."

ఆమె తలెత్తకుండానే అంది.

"మేస్త్రీ, ఆ పక్క గొట్టం కాస్త లావుది వెయ్యండి."